వెడల్పు అలుగు బాణం ఎందుకు దారి తప్పుతుంది?

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో యువతకు చేసిన ప్రసంగ పాఠం)



ఆదివాసీ జనాల కోసం ఐక్యరాజ్యసమితిలో ఏర్పడిన కార్యవర్గం 1982లో మొదటిసారి సమావేశమైన రోజు ఆగస్టు 9. అందుకే ఈ తేదీని మన దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఊరేగింపులో విల్లంబులు భుజాన వేసుకుని నడుస్తాం, ఫొటోలు దిగుతాం. ఆ తర్వాత విల్లు మళ్లీ అటక ఎక్కుతుంది. ఎందుకని అడిగితే మన పిల్లలు చెప్పే కారణం ఒకటే. సన్నమొన బాణం వేస్తే గురికి తగులుతోంది, తాతల నాటి వెడల్పు అలుగు బాణం వేస్తే ఒకటి ఎడమకు, ఒకటి పైకి, ఒకటి గడ్డిమోపు దాటి పోతోంది. "మన విల్లు ఇంతే, అకాడమీ విల్లు కొనుక్కోవాలి" అంటున్నారు. ఆ మాట గురించే ఈ రోజు మాట్లాడతాను.

ముందు ఒక సంగతి స్పష్టంగా చెప్పాలి. నేను చెప్పేదంతా గడ్డిమోపు మీద, గోనెసంచి గురి మీద వేసే బాణం గురించే. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 నుంచి అమల్లో ఉంది. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చి మనకు భూమి మీద, చిన్నతరహా అటవీ ఫలసాయం మీద హక్కులు ఇచ్చింది. కానీ వేట హక్కు ఇవ్వలేదు. దాన్ని మినహాయిస్తున్నామని ఆ చట్టంలోనే రాశారు. పండుగ వేట మన ఆచారమే కదా అని బాణంతో అడవిలోకి వెళ్తే కేసు పడుతుంది, చదువు ఆగిపోతుంది. విద్య మాత్రం మనది. దాన్ని నిలుపుకోవడానికి జంతువు అక్కర్లేదు, గురి చాలు.

ఇక అసలు విషయం. బాణం వెనక ఈకలు ఎందుకు కడతాం? పడవకు చుక్కాని లాగా, బాణం కాస్త వంకరగా బయల్దేరినా తోకను గాలి పట్టి సరిచేయడానికి. నారి వదిలిన క్షణంలో కాడ చేపలా అటూ ఇటూ వంగుతుంది. అది ప్రతి బాణానికీ జరిగేదే. సన్నమొన అయితే ముందు భాగంలో గాలికి పట్టు దొరకదు కాబట్టి ఈకలు ఆ వంకరను కొద్ది గజాల్లోనే దిద్దేస్తాయి. వెడల్పు అలుగు అలా కాదు. అది ముందు కట్టిన రెక్క. బాణం పిసరంత పక్కకు తిరిగినా గాలి ఆ రెక్కను తోస్తుంది. వెనక ఈకలు ఒకవైపు, ముందు అలుగు మరోవైపు లాగుతాయి. అలుగు కొత్తగా ఏ తప్పూ చేయదు. ఈకలు ఇన్నాళ్లూ కప్పిపెట్టిన తప్పును బయటపెడుతుంది, అంతే. ఈ ఒక్క మాట గుర్తుంటే మిగతాదంతా వెతుకులాటే.

వెతకడానికి ఒక పద్ధతి ఉండాలి. ఆరు బాణాలు తీసుకోండి. మూడు సన్నమొనవి, మూడు అలుగువి. కాడ మీద ఒకటి నుంచి ఆరు వరకు అంకెలు రాయండి. పదిహేను అడుగుల దగ్గర మొదలుపెట్టి, సరిగా పడుతుంటే అరవై అడుగుల దాకా వెనక్కి జరగండి. ప్రతి బాణాన్నీ కనీసం మూడేసి సార్లు వేసి, ఎక్కడ పడిందో నోట్‌బుక్‌లో చుక్క పెట్టండి. అప్పుడు నాలుగింటిలో ఒకటి కనిపిస్తుంది.

సన్నమొనవీ అలుగువీ రెండూ చెల్లాచెదురైతే లోపం చేతిలో ఉంది. సన్నమొనవి ఒకచోట పడి, అలుగువి మాత్రం చెదిరితే లోపం అలుగు బిగింపులోనో, బరువుల్లోనో, ఈకల్లోనో ఉంది. రెండు రకాలూ విడివిడిగా ఒక్కోచోట గుంపుగా పడి, ఆ గుంపుల మధ్య ఎడం ఉంటే విల్లుకూ కాడకూ జోడీ కుదరలేదు. ఒకే అంకె బాణం ప్రతిసారీ తప్పుతుంటే ఆ బాణం ఒక్కటే చెడ్డది, దాన్ని పక్కన పెట్టండి. ఈ లెక్క వేయకుండా విల్లును తిట్టడం తగదు.

చేతి సంగతి తర్వాత చెబుతాను. ముందు బాణాన్ని చూద్దాం. మొదట చూడాల్సింది అలుగు తిన్నగా కూర్చుందా లేదా. బాణాన్ని నున్నటి బల్ల మీద పెట్టి, ఈకలు, అలుగు రెండు అంచులూ దాటి బయటికి ఉండేలా చూసి, అరచేత్తో మెల్లగా దొర్లించండి. అలుగు మొన ఒకేచోట తిరగాలి. గుండ్రంగా ఊగుతోందంటే అది వంకరగా దిగిందన్నమాట. లక్కతో బిగించిన అలుగైతే కాస్త వెచ్చచేసి, తిప్పి, తిన్నగా పెట్టి చల్లారనివ్వండి. దారంతో కట్టినదైతే కట్టు విప్పి మళ్లీ కట్టాలి. అలుగే వంగి ఉంటే కమ్మరి దగ్గరికి తీసుకెళ్లండి. కాడే వంకరగా ఉంటే సన్నని సెగ మీద వేడిచేసి, చేతులతో నిదానంగా సరిచేయాలి. పెద్దవాళ్లు ఒక కన్ను మూసి కాడ పొడవునా చూసేది ఈ వంకర కోసమే.

రెండోది బరువు. కొలిమిలో చేసిన అలుగులు ఒకదానికొకటి సమంగా ఉండవు. బంగారం తూచే చిన్న డిజిటల్ కాటా మీద ఒక్కోటీ తూచండి. అర గ్రాము తేడా లోపు ఉన్నవాటిని ఒక జట్టుగా పెట్టండి. సాధనకు వాడే సన్నమొన కూడా అదే బరువు ఉండాలి. అకాడమీల్లో ఎక్కువగా కనిపించే వంద గ్రెయిన్ల మొన ఆరున్నర గ్రాములు ఉంటుంది. మన ఇనుప అలుగు దానికి రెండింతలు ఉన్నా ఆశ్చర్యం లేదు. తేలిక మొనతో సాధన చేసి, బరువు అలుగుతో గురి చూస్తే బాణం కిందికి పడక ఏం చేస్తుంది?

మూడోది కాడ బిగువు. ముందు బరువు పెరిగేకొద్దీ, కాడ పొడవు పెరిగేకొద్దీ కాడ మెత్తబడినట్టు ఎక్కువ వంగుతుంది. కుడిచేత్తో నారి లాగి, విల్లుకు ఎడమ పక్కన బాణం పెట్టేవాళ్లకు మెత్తని కాడ కుడికి పోతుంది, మరీ గట్టి కాడ ఎడమకు పోతుంది. ఎడమచేతి వాటం వాళ్లకు ఇది తలకిందులు. బిగువు కొలవడానికి యంత్రం అక్కర్లేదు. రెండు మేకుల మధ్య 26 అంగుళాల ఎడం ఉంచి, కాడను వాటి మీద పెట్టి, నడుమ సుమారు 900 గ్రాముల బరువు వేలాడదీసి, ఎంత కుంగిందో స్కేలుతో కొలవండి. ఒకేలా కుంగిన కాడలను ఒక కట్టగా కట్టండి. వెదురు కాడ ఒక పక్క గట్టిగా, ఇంకో పక్క మెత్తగా ఉంటుంది. కాబట్టి తిప్పి తిప్పి కొలిచి, అన్ని బాణాల్లోనూ ఒకే పక్క విల్లు వైపు వచ్చేలా తోకగాడి చెక్కండి.

నాలుగోది ఈకలు. అలుగు వెడల్పయితే ఈక కూడా పొడవుగా, ఎత్తుగా ఉండాలి. ఒకే బాణానికి పక్షి ఎడమ రెక్క ఈకనూ కుడి రెక్క ఈకనూ కలిపి కట్టకూడదు. ఒకటి ఇటు తిప్పితే ఇంకోటి అటు తిప్పుతుంది. కోడి ఈకలు, టర్కీ కోడి ఈకలు చాలు. వానలో తడిసిన ఈక కాడకు అతుక్కుపోతుంది, అప్పుడు అది ఉన్నా లేనట్టే.

ఇప్పుడు విల్లు, చెయ్యి. నారి ఎక్కుపెట్టాక విల్లు పిడికీ నారికీ మధ్య ఎడం ప్రతిరోజూ ఒకేలా ఉందో చూడండి. నార తాడు వాతావరణాన్ని బట్టి సాగుతుంది. తోకగాడి కూర్చునే చోట నారి మీద దారం చుట్టి గుర్తు పెట్టండి. అలుగు బాణాలు సన్నమొనల కంటే ఎప్పుడూ కిందికే పడుతుంటే, బరువులు సమానమని తేలాక, ఆ గుర్తును నూలు దారం మందం అంత కిందికి జరపండి. పైకి పడుతుంటే పైకి జరపండి. ఇక విల్లు పట్టే చెయ్యి పిడిని మెలితిప్పకూడదు. నారి వదిలే వేళ్లు పక్కకు లాక్కోకూడదు. సన్నమొన క్షమించే ఈ చిన్న తప్పులను అలుగు క్షమించదు.

ఒక్క సూత్రం మరవకండి. ఒకసారికి ఒక్కటే మార్చండి. అలుగు, ఈక, నారి మూడూ ఒకే రోజు మార్చితే బాణం తిన్నగా వెళ్లినా ఎందుకు వెళ్లిందో తెలియదు.

భద్రత సంగతి కూడా వినండి. దారి తప్పే అలుగు బాణం పండుగ జనం మధ్య ప్రాణం తీస్తుంది. అందుకే తీరు కుదరని బాణాన్ని పోటీకి తేవద్దు. గురి వెనక మట్టిగట్టు ఉండాలి, మనుషులు తిరిగే దారి ఉండకూడదు. చూసేవాళ్లంతా వేసేవాడి వెనకే నిలబడాలి. గురిలోంచి బాణం లాగేటప్పుడు ఎదురుగా ఎవరూ ఉండకూడదు. అలుగుకు వెదురు తొడుగు వేశాకే బాణం ఇంటికి పోవాలి.

అకాడమీ విల్లు వద్దని నేను అనడం లేదు. అవకాశం వస్తే తప్పకుండా వెళ్లండి. రాజస్థాన్‌లో ఉదయపూర్ జిల్లా ఆదివాసీ కుటుంబంలో పుట్టిన లింబారామ్ చిన్నప్పుడు వెదురు విల్లుతోనే నేర్చుకున్నాడు. 1988, 1992, 1996 ఒలింపిక్స్‌లో దేశం తరఫున విల్లు పట్టాడు. 2012లో పద్మశ్రీ అందుకున్నాడు. చేతిలో విల్లు మారింది, వెదురు విల్లు నేర్పిన గురి ఆయనతో వెళ్లింది.

మన ఊళ్లలో కాడ ఎంచేవాళ్లు, అలుగు కొట్టే కమ్మర్లు ఇంకా ఉన్నారు. వాళ్ల వయసు మీకు తెలుసు. వాళ్లు కంటితో, వేలితో చూసి చెప్పేదే నేను కాటా, స్కేలు పెట్టి చెప్పాను. వచ్చే ఆదివారం ప్రతి ఊరి యువజన బృందం ఆరేసి బాణాలతో ఒక పెద్దాయన దగ్గర కూర్చోండి. ఏ బాణం ఎందుకు పక్కన పెట్టాడో అడగండి. విల్లు భాగాలకు మన భాషలో ఉన్న పేర్లు ఆయన నోట విని, అదే నోట్‌బుక్‌లో రాసుకోండి. నెల తర్వాత ఆ నోట్‌బుక్‌లు సంఘం దగ్గరికి తీసుకురండి, అందరం కలిసి చూద్దాం.

జోహార్.