విత్తనాల కొట్టును తూచి ఎంచుకోండి



తొలకరి పడిందంటే చాలు, విత్తనాల కొట్ల ముందు జనం గుమిగూడతారు. ఆ తొందరలో మనం అడిగేవి రెండే మాటలు: ధర ఎంత? అప్పు ఇస్తావా? ఎద్దును కొనేటప్పుడు పళ్ళు చూస్తాం, సుళ్ళు చూస్తాం, నాలుగడుగులు నడిపించి చూస్తాం. మరి ఏడాది పంటను ఎవరి చేతిలో పెడుతున్నామో అంత నిదానంగా చూస్తున్నామా? విత్తు ఒకటి వేస్తే చెట్టు ఒకటి మొలవదు గదా!

ముందుగా, బేరానికి లొంగని సంగతులు మూడున్నాయి. కొట్టుకు లైసెన్సు వుండాలి. కొన్నదానికి లాటు నంబరుతో బిల్లు ఇవ్వాలి. సంచికి చీటీ వుండాలి. లైసెన్సునూ బిల్లునూ 1983లో వచ్చిన విత్తనాల నియంత్రణ ఉత్తర్వే తప్పనిసరి చేసింది. నీలం చీటీ వుంటే ధృవీకరణ సంస్థ పరీక్షించిన విత్తనమని అర్థం. ఆకుపచ్చ చీటీ వుంటే తయారుచేసినవారి మాటే పూచీ. పచ్చచీటీ సంచి చెడ్డదని కాదు. హైబ్రిడ్ విత్తనాలు చాలావరకు అలాగే వస్తాయి. అందుకే అక్కడ అమ్మేవాణ్ణి మరింత జాగ్రత్తగా ఎంచాలి. యీ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఆ కొట్టు మెట్లు దిగి వచ్చేయండి.

మిగిలిన గుణాలను తూకం వేయాలి. పాతలెక్కన రూపాయికి పదహారు అణాలు అనుకుందాం. వెనకటి సంవత్సరాల్లో అతనిచ్చిన విత్తనం ఎలా మొలిచిందో, ఎలా పండిందో, దానికి 6 అణాలు. తేడా వస్తే చేను దగ్గరకు వచ్చి నిలబడే మనిషా కాదా, దానికి 4. అదనుకు సరుకు అందించడానికి 3. ధరకు 2. అప్పుకు 1.

ఇప్పుడు రెండు కొట్లు తీసుకోండి. మొదటిది మీ వూళ్ళోనే వుంది. అప్పు ఇస్తాడు, అదనుకు అందిస్తాడు. ధర, మొలక, మాట నిలకడ, మూడూ సగం సగం. రెండోది పట్నంలో వుంది. మొలక మంచిది, మనిషి మాట తప్పడు. అందించడం, ధర సగం సగమే, అప్పు లేదు. అయిదు గుణాలకూ సమానంగా ఒక్కొక్క మార్కు వేస్తే మొదటి కొట్టుకు మూడున్నర, రెండోదానికి మూడు. అదే మన తూకంతో చూస్తే మొదటిదానికి 10 అణాలు, రెండోదానికి పన్నెండున్నర. కొట్లు మారలేదు, తూకం మారింది.

అప్పుకు ఒక్క అణాయేనా అంటారేమో. చేతిలో డబ్బు లేని రైతు కష్టం తెలియక చెప్పే మాట కాదిది. పాతబాకీ వున్నవాడు కొట్లో ఏ సంచి తీసి ఇస్తే అది పుచ్చుకోవాలి. ఇది వద్దు, అది కావాలి అనే నోరు వుండదు. నూటికి 80 మొలవాల్సిన వరి విత్తనం 60 మాత్రమే మొలిస్తే రావలసిన మొక్కల్లో నాలుగోవంతు పోయినట్టే. ఆ నష్టాన్ని ఏ అప్పూ పూడ్చదు. వీలైనంతవరకు పెట్టుబడి బాకీ ఒకచోట, విత్తనం కొనడం మరోచోట పెట్టుకోండి.

యీ తూకం అన్ని పైర్లకూ ఒకటే కాదు. అనంతపురం మెట్టభూముల్లో వర్షాధారంగా వేరుశనగ వేసేవారికి అదను తప్పితే పంటే లేదు. వారు ధరలోంచి ఒక అణా తీసి సకాలానికి కలుపుకోవచ్చు. ఏ గుణానికి ఎంత అన్నది కొట్టుకు పోకముందే ఇంట్లో తేల్చుకోవాలి. కొట్లో కూర్చున్నాక తేల్చేది కొట్టువాడే.

కొన్న తరువాత నూరు గింజలు లెక్కపెట్టి తడి గోనెగుడ్డలో చుట్టి వుంచండి. వారం పది రోజుల్లో తెలిసిపోతుంది. ధృవీకరించిన వరికి 80, వేరుశనగకు 70, మొక్కజొన్న హైబ్రిడ్‌కు 90 మొలకలు తక్కువలో తక్కువ రావాలి. బిల్లు, చీటీ, ఖాళీ సంచి, గుప్పెడు గింజలు పంట ఇంటికి వచ్చేదాకా దాచండి. విత్తనం కొన్న రైతు కూడా వినియోగదారుడేనని, ఫోరానికి వెళ్ళే హక్కు అతనికి వుందని 2012లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అది అప్పటి ఆంధ్రప్రదేశ్ రైతుల దావాలోనే వచ్చిన తీర్పు. హక్కు వుంది గాని, కాగితం లేనిదే అది నిలవదు.

విస్తరణ కార్యకర్తలకు ఒక మనవి. ఫలానా కొట్టుకు పొమ్మని మీరు చెప్పకండి. వేసవిలోనే పదిమంది రైతులను రచ్చబండ దగ్గర కూర్చోబెట్టి, కిందటేడు ఎవరి విత్తనం ఎవరి చేలో ఎలా మొలిచిందో చెప్పించి, యీ అయిదు గుణాలకు అణాలు వేయించండి. ఒక్కడి అనుభవం ఒక్క చేనుకే పనికొస్తుంది. పదిమందిది కలిస్తే వూరంతటికీ తక్కెడ అవుతుంది.