కదలు బండి, నిలుచు చిత్రము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావించిన ప్రసంగపాఠము)



పుస్తకముల పండుగనాడు ఫోటోల ప్రసక్తి యేల యని కొందరనుకొనవచ్చును. నేడు మన పిల్లలు బస్సెక్కినను, రైలెక్కినను కిటికీచెంత చేరి దారి పొడవునను సెల్‌ఫోనుతో చిత్రములు తీయుచున్నారు. పెద్దలు దానిని పనిలేని పని యని కసరుచున్నారు. ఈ తగవున నాకు తోచిన నాలుగు మాటలు మనవి చేసెదను.

పరుగెత్తు వాహనమునుండి లోకమును చూచు వేడుక రైలుతో పుట్టినది కాదు. శాకుంతల ప్రథమాంకమున వేటకు వెడలిన దుష్యంతుడు, రథవేగమునకు వస్తువుల పరిమాణమును, ఆకారమును, దూరమును తన కంటికెట్లు తారుమారగుచున్నవో సారథితో చెప్పును. రఘువంశము పదుమూడవ సర్గమున శ్రీరాముడు పుష్పకమునుండి సీతాదేవికి క్రింది ప్రదేశములను చూపుచు వచ్చును. రెండును కాళిదాసు రచనలే. రెండును కదలు వాహనమునుండి చూచిన చూపులే. కాని భేదమున్నది. దుష్యంతుడు వేగమును చూచెను. రాముడు చోటులను చూచెను. పంపను, పంచవటిని, చిత్రకూటమును పేరుపేరున గుర్తించి, ఎచట నేమి జరిగెనో జ్ఞప్తికి తెచ్చెను. నా ప్రసంగసారమంతయు ఈ భేదమునందే యున్నది.

ఇక మన సీమకు వత్తము. 1830 మే 18వ తేదీన చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారు కడపమీదుగా వచ్చి, అహోబిలమును, శ్రీశైలమును సేవించుకొని ఉత్తరమునకు సాగిరి. వారి వాహనము పల్లకి. మజిలీ మజిలీకి ఊరి పేరు, దారి మంచిచెడ్డలు, నీటివసతి మొదలగునవి వ్రాసి మిత్రులైన కోమలేశ్వరపురము శ్రీనివాస పిళ్ళెగారికి పంపుచుండిరి. పిళ్ళెగారు వానిని 1838లో కాశీయాత్ర చరిత్రగా అచ్చువేయించిరి. ఫ్రాన్సుదేశమున డాగెరు కనిపెట్టిన ఛాయాచిత్ర విధానము లోకమునకు వెల్లడియైనది ఆ మరుసటి యేడు, 1839లో. కెమెరా యెరుగని ఆ గ్రంథము నేటికిని మన దారులను కన్నులకు కట్టుచున్నదన్నచో, అందు ప్రతి చూపునకును ఒక చోటును, ఒక దినమును ఉండుటయే కారణము.

యంత్రము సంగతి కొంచెము లెక్కగా చూతము. గంటకు 72 కిలోమీటర్లు పోవు రైలు సెకనుకు 20 మీటర్లు పోవును. కెమెరా కన్ను సెకనులో 60వ వంతు తెరచియున్నచో, ఆ లోపల బండి 33 సెంటీమీటర్లు, అనగా జానెడున్నర జరుగును. వెయ్యవ వంతే తెరచియున్నచో రెండు సెంటీమీటర్లే జరుగును. అందుచేతనే కట్టప్రక్క తుమ్మచెట్టు చెదరిపోవును, దూరపు ఎర్రమల కొండ నిలుచును. మరియు సెల్‌ఫోను చిత్రమునంతను ఒక్కమారు గాక వరుసవెంబడి వరుసగా గ్రహించును గనుక నిటారు స్తంభము ఒరిగినట్లు పడును. దుష్యంతుని కంటికి కలిగిన భ్రమ యంత్రమునకును తప్పలేదు! కాబట్టి వెలుతురున్న వేళ, ఎండ కంటబడని ప్రక్క కూర్చుండి, ఫోనును అద్దమునకు ఆనించి, నడిదూరపు దృశ్యమును తీయుట మేలు. తల గాని చేయి గాని వెలుపల పెట్టరాదు. బండి నడపువాడు ఫోను ముట్టనే రాదు.

2016లో పూర్తిగా తెరువబడిన నంద్యాల ఎర్రగుంట్ల రైలుమార్గము 123 కిలోమీటర్లు. బనగానపల్లె, కోవెలకుంట్ల, సంజామల, నొస్సము, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు మీదుగా పోవును. రేగడిచేలు, నాపరాతి గనులు, గనులచెంత పగులురాళ్ల గుట్టలు, పెన్నానది యిసుక, ఎర్రగుంట్ల సిమెంటు పొగగొట్టములు, అన్నియు ఒక్క కిటికీనుండి కన్పట్టును. అచట కార్తీకమున మొలకెత్తిన శనగచేనును తీయుడు. కోత ముగిసిన ఫాల్గుణమున ఆ చేనినే తీయుడు. వానలు తప్పిన యేట అదే కార్తీకమున మరల తీయుడు. రెండవదియు మూడవదియు ఇంచుమించు ఒక్క తీరుననే యుండును. రెండింటను నల్లని నేలయే. ఒకటి ఇల్లు చేరిన పంటకు సాక్షి, ఒకటి కరవునకు సాక్షి. ఏది యేదో చెప్పవలసినది తేదీ యొక్కటే. కరవు సీమలో తేదీ లేని చిత్రము సాక్ష్యమునకు నిలువదు.

బండి మాత్రమే కదలుచున్నదని తలపవలదు, దృశ్యమును కదలుచున్నది. నంద్యాలనుండి గిద్దలూరునకు నల్లమలలో పోవు పాత మీటరుగేజి దారిని గత శతాబ్దపు చివరి దశకమున బ్రాడుగేజిగా మార్చినపుడు, దొరబావి యొద్ద ఎత్తువంతెన విడువబడినది. ఆ వంతెనమీది బండిలో కూర్చుండి లోయను చూచు భాగ్యము నేడెవ్వరికిని లేదు. కర్నూలు నంద్యాలల నడుమ గని, శకునాల గ్రామములచెంత నుండిన మెట్ట బయళ్లలో 2017 నాటికి 1000 మెగావాట్ల సూర్యవిద్యుత్తు ఫలకములు బారులు తీరినవి. అంతకు పూర్వము ఆ దారిన పోయిన బాటసారి తీసిన చిత్రమొక్కటి దొరకినచో, అది నేడు ఆ నేలకు దస్తావేజు వంటిది.

కావున మన గ్రంథాలయమువారికి నా మనవి యిది. ఒక పెద్ద బైండు పుస్తకము తెరువుడు. పిల్లలు తీసిన వందలో ఒకటి రెండింటిని ఏరి, కాగితముమీద అచ్చు తీయించి అంటింపుడు. ప్రతిదాని ప్రక్క ఏ స్టేషనుకును ఏ స్టేషనుకును నడుమనో, ఏ కిలోమీటరు రాయి చెంతనో, బండికి ఏ ప్రక్కనో, ఏ నెల ఏ తేదీయో, చేనిలో ఏ పైరున్నదో, తీసినవారెవరో వ్రాయింపుడు. సర్వే నంబరును పైరును లేని అడంగలు ఎట్టిదో, ఈ వివరములు లేని చిత్రమును అట్టిదే. పేర్లు తెలియనిచో పిల్లలు పెద్దలనడుగుదురు. ఆ గుట్ట పేరు, ఆ వంక పేరు ఎరిగినవారు నేడింకను మన నడుమ నున్నారు. ఆ పేర్లు వారితోడనే పోకుండ పుస్తకమునకెక్కును.

పెద్దలారా, పిల్లలను కసరకుడు, చోటు పేరడుగుడు. పిల్లలారా, పది చిత్రములు తీసిన పిమ్మట ఫోను ఒడిలో నుంచి పదకొండవదానిని కన్నులతో చూడుడు. మన గ్రంథాలయము స్వర్ణోత్సవము జరుపుకొనునాటికి ఆ పుస్తకము రెండవ సంపుటమున నడచుగాక యని కోరుచున్నాను.