కంప్యూటర్‌ల సైరన్ మోగి "వైరస్ వచ్చింది" అంటే ఏం చేయాలె?

ఈ ఎపిసోడ్ ఫోన్ గురించి కాదు, ఇంట్ల ఉన్న కంప్యూటర్ గురించి. మీరందరూ ఫోన్‌ల ఉంటరు, నిజమే. గానీ ఇంట్ల పాత డెస్క్‌టాప్‌కో లాప్‌టాప్‌కో ఏమన్నైతే అమ్మనాయినలు పిలిచేది మిమ్మల్నే కదా. అందుకే ఇది మీకే చెప్తున్న.

ఒక ఇల్లు అనుకోండి. నాయిన దుబాయ్‌ల ఉన్నడు. బీటెక్ పిల్లగాని కోసం కొన్న లాప్‌టాప్‌లనే ఇంటోళ్లు ఆయనతోని వీడియో కాల్ మాట్లాడ్తరు, బ్యాంకు పని కూడా అండ్లనే చేస్తరు. సిరిసిల్లల అయితే చిన్న బట్టల వ్యాపారి లెక్కలు, జీఎస్టీ బిల్లులు అన్నీ ఇంటి కంప్యూటర్‌లనే. ఒకరోజు స్క్రీన్ మొత్తం ఎర్రగైతది, సైరన్ మోగుతది. "మీ కంప్యూటర్‌ల 5 వైరస్‌లు ఉన్నయి, ఆఫ్ చేయకండి, వెంటనే ఈ నంబర్‌కు ఫోన్ చేయండి" అని వస్తది. ఇంట్ల మీరు లేరు, అమ్మ ఒక్కతే ఉన్నది. ఆమె ఆ నంబర్‌కు ఫోన్ చేసిందంటే పోయేది కంప్యూటర్ కాదు, నాయిన పంపిన పైసలు.

ముందు ఒక్క మాట గట్టిగ గుర్తు పెట్టుకోండి. బ్రౌజర్‌ల తెరుచుకున్న ఏ వెబ్‌సైట్ కూడా మీ హార్డ్ డిస్క్‌ను స్కాన్ చేయలేదు. ఆ గీత 10 శాతం, 50 శాతం, 100 శాతం అని పోతది చూడండి, అది ఉత్త బొమ్మ. వైరస్ లేని కొత్త కంప్యూటర్‌ల తెరిచినా అదే 5 వైరస్‌లు చూపిస్తది. మీ ఐపీ అడ్రస్, ఊరి పేరు చూపించి భయపెడ్తది. ఐపీ అడ్రస్ మీరు తెరిచిన ప్రతి సైట్‌కు కనిపిస్తది, దాంతోనే ఊరు అందాజగ లెక్క కడ్తరు. అండ్ల భయపడేదేం లేదు.

దొంగ అలర్ట్‌ను ఎట్ల గుర్తుపట్టాలె?

ఒకటి, ఫోన్ నంబర్. మైక్రోసాఫ్ట్ నిజమైన హెచ్చరికల్లో ఫోన్ నంబర్ ఉండదు. నంబర్ కనిపించిందంటే అది మోసమే, ఇంకేం చూసే పని లేదు.

రెండు, తొందర. "5 నిమిషాలల్ల డేటా మొత్తం పోతది" అంటది. ఆలోచించే టైమ్ ఇయ్యకపోవుడే దాని పని.

మూడు, కుడిదిక్కు కింద మూలకు వచ్చే చిన్న డబ్బాలు. దాంట్ల చిన్న అక్షరాలతోని ఒక సైట్ పేరు, క్రోమ్ పేరు ఉంటే అది ఆ సైట్ పంపిన నోటిఫికేషన్. నిజమైన హెచ్చరిక అయితే విండోస్ సెక్యూరిటీ అని ఉంటది, నొక్కితే అదే యాప్ తెరుచుకుంటది, వెబ్‌సైట్ కాదు.

ఈ డబ్బాలు ఎందుకొస్తయి? ఫ్రీ సినిమాల సైట్‌కో, క్రాక్ సాఫ్ట్‌వేర్ సైట్‌కో పోతే "మీరు రోబో కాదని రుజువు చేయనీకి అలౌ నొక్కండి" అంటది. రోబో లేదు, ఏం లేదు. మీరు నొక్కింది నోటిఫికేషన్ పంపుకోమనే పర్మిషన్. ఆ రోజు నుంచి బ్రౌజర్ తెరిచినప్పుడల్లా వైరస్ వైరస్ అని మొత్తుకుంటది. నిజానికి వైరస్సే లేదు.

ఇగ తీసేసుడు. ఎర్ర స్క్రీన్ వచ్చిందా? ముందు సౌండ్ తగ్గించండి, సగం భయం పోతది. ఎస్కేప్ బటన్ రెండు మూడు సెకండ్లు ఒత్తి పట్టుకుంటే ఫుల్ స్క్రీన్ పోతది, అప్పుడు ట్యాబ్ మూసేయండి. పోలేదా, ఆల్ట్ ఎఫ్4. అట్లనూ పోలేదా, కంట్రోల్ షిఫ్ట్ ఎస్కేప్ మూడు కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తది. అండ్ల బ్రౌజర్ పేరు మీద నొక్కి ఎండ్ టాస్క్ కొట్టండి. మళ్లీ తెరిచినప్పుడు "పాత పేజీలు రీస్టోర్ చేయాలా" అని అడుగుతది. వద్దనండి. లేకుంటే అదే దయ్యం మళ్లీ వస్తది.

తర్వాత క్రోమ్‌ల సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్‌కు పోండి. అలౌ లిస్ట్‌ల ఎరుక లేని సైట్‌లన్నీ తీసేయండి. చానా ఇండ్లల్ల గోల ఇక్కడికే ఆగుతది. ఇంకా వస్తుందా, ఎక్స్‌టెన్షన్‌లు చూడండి, మీరు పెట్టనిది ఉంటే తీసేయండి. విండోస్ సెట్టింగ్స్‌ల యాప్స్ లిస్ట్‌ను తారీఖు ప్రకారం పెట్టి, ఈ మధ్య దానంతట అదే వచ్చిన ప్రోగ్రామ్‌లు అన్‌ఇన్‌స్టాల్ చేయండి. ఆఖరుకు విండోస్ సెక్యూరిటీల ఫుల్ స్కాన్ పెట్టండి. అనుమానం ఇంకా ఉంటే అండ్లనే డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ ఉన్నది, కంప్యూటర్ రీస్టార్ట్ అయి విండోస్ లేవకముందే వెతుకుతది. ఇయన్నీ ఫ్రీ. ఒక్క రూపాయి కట్టే పని లేదు.

ఇప్పుడు అసలు ముచ్చట. ఆ నంబర్‌కు ఫోన్ చేస్తే ఏమైతది? అవతలోడు మస్తు మర్యాదగ మాట్లాడ్తడు. ఎనీడెస్క్ లాంటి యాప్ ఎక్కించమంటడు. అది మంచి యాపే, గానీ కోడ్ చెప్పినంక మీ మౌస్ వాని చేతుల ఉంటది. ఈవెంట్ వ్యూయర్ తెరిచి ఎర్ర గుర్తులు చూపిస్తడు, "చూడమ్మా, ఎన్ని ఎర్రర్లు" అంటడు. అసొంటి ఎర్రర్లు బాగున్న ప్రతి కంప్యూటర్‌ల ఉంటయి. తర్వాత ఫీజు కట్టమని బ్యాంకు సైట్ తెరిపిస్తడు. పాస్‌వర్డ్, ఓటీపీ ఆడ కొట్టిస్తడు. ఖాతా ఖాళీ.

ఇదేదో ఒక్కడు చేసే పని కాదు, పెద్ద పెద్ద కాల్ సెంటర్‌లే నడుస్తయి. 2023 అక్టోబర్‌ల సీబీఐ ఆపరేషన్ చక్ర-2 పేరుతోని దేశంలో 76 చోట్ల సోదాలు చేసింది. అందులో టెక్ సపోర్ట్ పేరుతో విదేశీయులను ముంచిన కాల్ సెంటర్ల కేసులు కూడా ఉన్నయి. ఆ ఫిర్యాదులు ఇచ్చింది అమెజాన్, మైక్రోసాఫ్ట్ కంపెనీలే.

ఇంట్లోళ్లు ఆల్రెడీ ఫోన్ చేసేసిన్రా? తిట్టకండి. తిడితే ఇంకోసారి దాచిపెడ్తరు. వెంటనే వైఫై బంద్ చేయండి. ఆ రిమోట్ యాప్ తీసేయండి. పాస్‌వర్డ్‌లు వేరే ఫోన్ నుంచి మార్చండి, ఆ కంప్యూటర్ నుంచి కాదు. బ్యాంకుకు ఫోన్ చేసి ఖాతా ఆపించండి. పైసలు పోతే ఆగకుండ 1930కి ఫోన్ చేయండి, సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌ల ఫిర్యాదు పెట్టండి. పైసలు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు ఉరుకుతనే ఉంటయి. ఎంత జల్ది చెప్తే నడుమల పట్టుకునే అవకాశం అంత ఎక్కువ. రేపు స్టేషన్‌కు పోదాం అనుకుంటే ఆలస్యమైతది.

చివరిగా ఒక్క పని చెప్తా. ఒక కాగితం మీద "ఎర్ర స్క్రీన్ వస్తే నంబర్‌కు ఫోన్ చేయొద్దు, పవర్ బటన్ 10 సెకండ్లు ఒత్తి ఆపేయాలె, నాకు ఫోన్ చేయాలె" అని రాసి, కింద మీ నంబర్ వేసి మానిటర్‌కు అతికించండి. హాస్టల్‌ల ఉన్నోళ్లు ఈ పండుగకు ఇంటికి పోయినప్పుడు మర్చిపోకండి. యాంటీవైరస్ కన్నా ఆ కాగితమే ఎక్కువ పని చేస్తది.

ఈ ఎపిసోడ్ మీ ఫ్యామిలీ గ్రూప్‌ల పెట్టండి.