ప్రొబేషనులో ఉద్యోగం మానుకుంటే సెలవు జీతం ఏమవుతుంది?

(పాల సంఘాల అధ్యక్షులు, కార్యదర్శుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



దాణా గురించో, వెన్న శాతం గురించో మాట్లాడతామనుకొని మీరు వచ్చి ఉంటారు. ఈ పూట పాలు పోసేవారి పిల్లల ఉద్యోగాల గురించి నాలుగు మాటలు మనవి చేయదలచాము.

మన సభ్యుల పిల్లలు చాలామంది పాల శీతల కేంద్రాలలో, డెయిరీలలో, పట్నంలోని ఇతర ఫ్యాక్టరీలలో చేరుతున్నారు. కొందరు నాలుగైదు నెలలకే మానుకోవలసి వస్తుంది. ఇంతకంటె మంచి పని దొరకవచ్చు, పెళ్లి కుదరవచ్చు, ఇంట్లో పెద్దవారికి జబ్బు చేయవచ్చు. అప్పుడు వారికి తరచు వినిపించే మాట ఒకటే: "నీవింకా ప్రొబేషనులో ఉన్నావు, నీకు సెలవు జీతం రాదు."

ఈ మాట సరి కాదు. ప్రొబేషను అంటే పనితనం చూసుకొనే గడువు. ఉద్యోగం ఖాయం కాకపోవచ్చును గాని చేసిన పని ఖాయమే కదా! నిన్న సభ్యుడుగా చేరినవాడు ఈ రోజు పాలు పోస్తే, కొత్తవాడవు గనుక బిల్లు లేదని ఏ సంఘమైనా అంటుందా? ఆర్జిత సెలవు కూడా అంతే. అది పనిచేసి సంపాదించుకొన్నది.

1948 ఫ్యాక్టరీల చట్టం ప్రకారం ఏడాదిలో 240 రోజులు పనిచేసినవారికి, 20 రోజుల పనికి ఒక రోజు చొప్పున జీతంతో సెలవు ఉండేది. దాని స్థానంలో వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్, 2020 వచ్చి, 2025 నవంబరు 21 నుండి అమలులో ఉన్నది. 240 రోజులు 180కి తగ్గినవి. ఇరవైకి ఒకటి అనే లెక్క మారలేదు.

చాలామంది పొరబడేది ఇక్కడే. 180 రోజుల నియమం ఉద్యోగంలో ఉండి సెలవు వాడుకొనేవారికి. ఉద్యోగం మానుకొన్నవారికి ఆ రోజులు నిండకపోయినా, సంపాదించిన సెలవుకు బదులు జీతం ఇవ్వాలని అదే కోడ్ చెబుతున్నది.

ఒక లెక్క చూడండి. ఒక అమ్మాయి శీతల కేంద్రంలో 140 రోజులు పనిచేసి రాజీనామా ఇచ్చినదనుకొందాం. 140ని 20తో భాగిస్తే 7 రోజులు. రెండు రోజులు వాడుకొని ఉంటే మిగిలినవి 5. రోజు జీతం 500 రూపాయలైతే ఆమెకు రావలసినది 2,500 రూపాయలు. ఒక పాడి కుటుంబానికి ఇది చిన్న సొమ్ము కాదు. రాజీనామా చేసినవారి జీతం బాకీలు రెండు పనిదినాలలోగా చెల్లించాలని వేతనాల కోడ్, 2019 కూడా చెబుతున్నది.

అయితే కొన్ని హద్దులు కూడా తెలుసుకోవాలి. ఈ సెలవు నియమం పదిమంది లేక అంతకంటె ఎక్కువమంది పనిచేసేచోట వర్తిస్తుంది. మేనేజర్లు, నెలకు 18,000 రూపాయలు మించి జీతం తీసుకొనే సూపర్వైజర్లు ఇందులోకి రారు. వారికి నియామకపు ఉత్తర్వులో రాసినదే ఆధారం. కేజువల్ లీవు మిగిలినా దానికి సాధారణంగా డబ్బు రాదు. సెలవు మిగిలి ఉన్నది కదా అని నోటీసు ఇవ్వకుండా వెళ్లిపోరాదు. నోటీసు గడువు వేరు, సెలవు లెక్క వేరు.

కనుక మీ పిల్లలకు చెప్పండి: నియామకపు ఉత్తర్వు భద్రపరచుకోవాలి. పనిచేసిన రోజులు, వాడుకొన్న సెలవులు ఒక పుస్తకంలో రాసుకోవాలి. రాజీనామా కాగితం మీద ఇచ్చి, నకలుపై సంతకం, తేదీ తీసుకోవాలి. రిజిష్టర్లు, పరికరాలు, నగదు అప్పగించి రసీదు పొందాలి. సెలవు జీతం కావాలని అదే కాగితంలో అడగాలి.

చివరగా పాలకవర్గాల వారికి ఒక మనవి. మన గ్రామ సంఘాలలో సాధారణంగా కార్యదర్శి, పాల పరీక్షకుడు, ఒక సహాయకుడు మాత్రమే ఉంటారు. పదిమంది లేరు గనుక ఆ కోడ్ మనలను అడగదు. అడగకపోయినా, సెలవు ఎన్ని రోజులో, మధ్యలో మానుకొంటే ఏమి ఇవ్వాలో ముందే తీర్మానం చేసి మినిట్సు పుస్తకంలో రాయండి. మన పిల్లలకు ఇతరులు ఇవ్వాలని కోరే న్యాయాన్ని, మన దగ్గర పనిచేసే ఇతరుల పిల్లలకు మనమూ ఇవ్వాలి గదా!