చెలమ నీరైనా కాచే తాగుదాం

2022 జులైలో భద్రాచలం వద్ద గోదావరి 71 అడుగులు దాటింది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు. అలాంటి వరదలో బావి, చేతిపంపు మునిగితే పెంటకుప్పల మురుగు, పత్తి, మిరప చేలకు కొట్టిన మందులు తాగునీటిలో చేరతాయి.

చర్ల, దుమ్ముగూడెం అడవి గూడేల్లో వాగు ఇసుక తవ్వి తోడుకునే చెలమ నీరు తేటగానే ఉంటుంది. కానీ విరేచనాలు, టైఫాయిడ్, పచ్చకామెర్లు తెచ్చే క్రిములు కంటికి కనబడవు. అందుకే నీటిని వడగట్టి, మసల కాచి, మూతపెట్టి వాడండి.

కాస్తే క్రిములు చస్తాయి గానీ పురుగుమందు పోదు. అది చేపలకూ పశువులకూ చేటే. మందు డబ్బాలు వాగులో కడగకండి.

పిల్లలకు విరేచనాలైతే లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఓఆర్ఎస్ ప్యాకెట్ కలిపి తాగిస్తూ, వెంటనే ఆశా కార్యకర్తకు కబురు పెట్టండి.