నొవాక్ అను ఇంటిపేరు

పోలెండు దేశమందు సుమారు 2 లక్షలమందికి ఇంటిపేరు నొవాక్. ఆ దేశపు జనాభా 3 కోట్ల 70 లక్షలకు కొంచెము అటునిటుగా నుండును. కావున అక్కడ వీధిలో ఎదురైన ప్రతి 200 మందిలో ఒకరు ఈ పేరు గలవారని స్థూలముగా చెప్పవచ్చును. రెండవ స్థానము కొవాల్‌స్కి అను పేరుది, మూడవది విష్న్యెవ్‌స్కి. ఈ రెండును నొవాక్‌కు చాల వెనుకనున్నవి. "ఎవరో ఒక సామాన్యుడు" అని చెప్పవలసి వచ్చినప్పుడు పోలిష్‌వారి నోట మొదట వచ్చు పేర్లు యాన్ కొవాల్‌స్కి, యాన్ నొవాక్ అనునవే.

ఇంతమందియు ఒకే మూలపురుషుని సంతతివారా? కారు. ఒక నొవాక్‌కు పొరుగూరి నొవాక్‌తో బీరకాయ పీచు చుట్టరికమైనను ఉండనక్కరలేదు. ఇంటిపేరు ఒకటైనచో దాయాదులేమో యని తలచుట మనకు అలవాటు. ఒకే ఇంటిపేరువారు పెండ్లి మాటలాడుకొనుటకు వెనుకాడుదురు. ఆ లెక్క ఈ పేరునకు పనికిరాదు. ఇది రక్తసంబంధమును బట్టి వచ్చిన పేరు కాదు. ఒక మనిషి ఒక ఊరిలో అడుగుపెట్టిన దినమున, ఆ ఊరివారు అతనిని చూచి అన్న మాట ఇది.

పోలిష్ భాషలో "నొవి" అనగా కొత్త. మనము సంస్కృతమునుండి తెచ్చుకొన్న నవ, నవ్య, నవీన శబ్దములును, లాటినులోని "నోవుస్" అను మాటయు, ఈ "నొవి"యు ఒక తల్లి బిడ్డలు. ఇండో యూరోపియను భాషలన్నిటికి మూలమైన ఒక ప్రాచీన ధాతువునుండి ఇవి పుట్టినవని భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించినారు. "నొవి"కి "అక్" అను ప్రత్యయము చేర్చినచో అది గుణమును విడిచి మనిషిని చెప్పును. కొత్త అనునది కొత్తవాడు అయినట్లే. పోలిష్ ఇంటిపేర్లకు పెద్ద నిఘంటువు కూర్చిన కజీమియెష్ రీముత్ అను పండితుడు దీనికి రెండు తాత్పర్యములు చెప్పినాడు: ఆ ప్రాంతమునకు కొత్తగా వచ్చినవాడు, లేక పనిలో కొత్తగా చేరినవాడు. మొదటిదే ఎక్కువ చోట్ల పొసగునని నా అభిప్రాయము. పనిలో కొత్తదనము రెండేండ్లలో పోవును, ఊరిలో కొత్తదనము అంత తేలికగా పోదు.

జర్మనులలో నొయ్‌మాన్, ఆంగ్లేయులలో న్యూమన్, రష్యనులలో నోవికోవ్ అను పేర్లు ఈ భావమునే చెప్పుచున్నవి. మనలోను "కొత్త" అను ఇంటిపేరు గలవారున్నారు. అయితే అది కొత్త ఊరినుండి వచ్చినదో, కొత్త మనిషినుండి వచ్చినదో ఆయా కుటుంబములవారే చెప్పవలెను.

ఇక్కడ ఒక భేదమును గమనింపవలెను. పోలెండు పేరు వినగానే మనకు "స్కి" అను అంతము గుర్తునకు వచ్చును. అది ఆదిలో భూస్వాముల గుర్తు. తార్నూవ్ అను ఊరికి ప్రభువైనవాడు తార్నోవ్‌స్కి యనిపించుకొనెను. అనగా నేను ఫలాని ఊరికి యజమానిని అని ఆ పేరు చాటును. కాలక్రమమున పట్టణములందలి వర్తకులును, తరువాత పల్లెలలోని రైతులును ఆ అంతమును తమ పేర్లకు తగిలించుకొనిరి. కొవాల్ అనగా కమ్మరి. కమ్మరికి "స్కి" చేరి కొవాల్‌స్కి యైనది. నొవాక్ అను పేరులో ఈ ఆడంబరమేదియు లేదు. ఎవడును తనను తాను కొత్తవాడనని చెప్పుకొనడు. తాను ఏ ఊరినుండి వచ్చినాడో, ఎవరి కుమారుడో వానికి తెలియును. ఎదుటివారికి అది తెలియదు, తెలిసికొన అక్కరయును లేదు. వారికి కావలసినది ఒక గుర్తు. నిన్నటివరకు ఈ ఊరిలో లేడు, ఈనాడున్నాడు. ఆ గుర్తే పేరై కూర్చున్నది.

రైతు ఊరు మారుట ఆ దేశమున సామాన్య విషయము కాదు. 13, 14 శతాబ్దములందు పోలిష్ ప్రభువులు అడవులు కొట్టించి కొత్త పల్లెలు కట్టించిరి. అచ్చటికి వచ్చి స్థిరపడినవారికి కొన్ని సంవత్సరములు పన్నులు, పాళ్లు లేకుండ మినహాయించిరి. వోలా, వూల్కా అను పేరుగల ఊళ్లు పోలెండులో లెక్కకు మిక్కిలిగా ఉన్నవి. వోలా అనగా స్వేచ్ఛ. పన్ను లేని ఆ కొద్ది సంవత్సరముల జ్ఞాపకమే ఆ పేరు. తరువాత రోజులు మారినవి. 1496లో ప్యోత్ర్‌కూవ్ సభలో చేసిన శాసనము రైతును భూమికి కట్టివైచినది. ఒక ఊరినుండి ఏటికి ఒక్క రైతు మాత్రమే వెడలిపోవచ్చునని దాని నిర్ణయము. అటుపిమ్మట ఊరు విడిచిన రైతులలో పారిపోయినవారు తక్కువమంది కారు.

1655లో స్వీడను సైన్యములు పోలెండుపై విరుచుకొని పడెను. ఆ యుద్ధము అయిదేండ్లు సాగెను. 18వ శతాబ్దారంభమున మరల యుద్ధము, దానితోపాటు మహామారి. పల్లెలకు పల్లెలు పాడుపడెను. దున్నువాడు లేని భూమి ప్రభువునకు దండుగ. అట్టి సమయమున బలమైన చేతులతో వచ్చినవానిని, నీవు ఎవరి రైతువు, ఏల వచ్చితివి అని గట్టిగా అడుగుటకు ఎవరికి తీరిక? అడుగకుండుటయే ఇరువురికి లాభము. ఊరి మతాచార్యుడు తన బాప్తిస్మపు పుస్తకములో వాని బిడ్డ పేరు వ్రాయుచు, తండ్రి పేరు దగ్గర నొవాక్ అని వ్రాసిన సందర్భములలో కొన్నింటికైనను ఇట్టి వెనుకకథ ఉండి యుండునని ఊహించుట తప్పు కాదు. కమ్మరి ఊరికి ఒక్కడే. కొత్తవాడు మాత్రము ప్రతి తరములోను ఒకడు రావచ్చును. నొవాక్‌లు కొవాల్‌స్కిలను మించుటకు ఇదియొక కారణము.

అయినను ఆనాటి రైతుల పేర్లు నేటివలె స్థిరమైనవి కావు. ఒకే మనిషి ఒక పుటలో వృత్తి పేరుతోను, ఇంకొక పుటలో తండ్రి పేరుతోను కనబడుట అరుదు కాదు. పేరు గట్టిపడుటకు ప్రభుత్వ కచేరి కావలసివచ్చెను. 1772, 1793, 1795 సంవత్సరములలో ప్రష్యా, ఆస్ట్రియా, రష్యా రాజ్యములు పోలెండును మూడు విడతలుగా పంచుకొనెను. పన్నులకు, సైన్యమునకు మనుష్యులను లెక్కించు అధికారులకు నేడొక పేరు, రేపొక పేరు అన్నచో సాగదు. 1808లో వార్సా సంస్థానమున నెపోలియను స్మృతి అమలునకు వచ్చి, జనన మరణ వివాహములను నమోదు చేయు పద్ధతి ఏర్పడినది. ఆ లేఖకుని కలము కాగితమును తాకిన క్షణమున ఎవడు ఏ పేరుతో పిలువబడుచుండెనో, అదియే వాని మనుమలకు, మునిమనుమలకు స్థిరపడెను. తాత ముత్తాతల నాటినుండి అదే నేల దున్నుచున్నవాడును నొవాక్‌గానే నిలిచెను.

నేడు ఈ పేరు దేశమంతట ఒకే తీరున పరచుకొని లేదు. పడమట పొజ్నాన్ చుట్టునున్న వ్యెల్కొపోల్‌స్కా, దక్షిణమున క్రాకోవ్ ప్రాంతము, సైలీషియా దీనికి పుట్టినిండ్లు. తూర్పునకు పోయిన కొలది ఇది పలుచబడును. పొజ్నాన్ వైపు దీని బిడ్డలుకూడ ఎక్కువ. నొవాక్ కుమారుడు నొవాచిక్. నొవకోవ్‌స్కి, నొవీత్స్కి అనునవి కూడ "నొవి" మూలమునుండి వచ్చినవే కాని, వానిలో పెక్కు ఊరి పేర్ల మీదుగా వచ్చినవి. 1945లో పోలెండు సరిహద్దులు పడమటికి జరిగినప్పుడు ఈ పటము కొంత చెదరెను. జర్మనులు విడిచిపోయిన వ్రోత్స్వాఫ్ వంటి నగరములకు, నేడు ఉక్రెయినులోనున్న ల్వూవ్ మొదలగు చోట్లనుండి జనులు మూటాముల్లెతో వచ్చి చేరిరి. ఆ నగరములలో ఇంచుమించు అందరును కొత్తవారే. కాని అప్పటికి పేర్లన్నియు కాగితములలో బిగిసియుండుటచే క్రొత్త నొవాక్‌లు పుట్టలేదు.

పోలెండు వెలుపలను ఈ పేరునకు కొదువలేదు. చెక్ దేశమున నొవాక్, స్లొవీనియాలో నొవాక్, రెండింటను ఇదియే ప్రథమస్థానమున నున్నది. చెక్‌వారు రెండవ అచ్చును దీర్ఘముగా పలుకుదురు, పోలిష్‌వారు ఆ దీర్ఘము లేకుండ మొదటి అక్షరమును ఒత్తి పలుకుదురు. సెర్బులలో ఇది పుట్టినప్పుడు పెట్టు పేరు. టెన్నిసు ఆటగాడు నొవాక్ జకోవిచ్ పేరు అట్టిది. జర్మనీలోని రూర్ బొగ్గు గనులకు 19వ శతాబ్దపు చివర తరలిపోయిన పోలిష్ కూలీలు దీనిని అక్కడ నాటిరి. అమెరికాలో చికాగోలో పుట్టిన సినిమా నటి కిమ్ నొవాక్ చెక్ సంతతిది. ఆమెను చిత్రములలో ప్రవేశపెట్టిన సంస్థవారు ఇంటిపేరుకూడ మార్చుమనగా ఆమె ఒప్పుకొనక, మొదటి పేరును మాత్రమే వదలుకొన్నది.

స్త్రీల విషయమున ఈ పేరు ఒక చిక్కు తెచ్చినది. కొవాల్‌స్కి భార్య కొవాల్‌స్కా యగును. నొవాక్ అను పేరు అట్లు మారదు. పూర్వము నొవాక్ భార్యను నొవకోవా అనియు, పెండ్లికాని కుమార్తెను నొవకూవ్నా అనియు పిలిచెడివారు. పేరు వినగానే ఆమె ఎవరి ఇంటిదో, పెండ్లి అయినదో లేదో తెలియునట్టి ఏర్పాటు అది. నేడు ఆ రూపములు పాతబడినవి. తల్లి, తండ్రి, కుమార్తె అందరును నొవాక్ అనియే వ్రాసికొనుచున్నారు. పెండ్లి సంగతి పేరునుండి తొలగుట మంచిదే యని నాకు తోచుచున్నది.

ఇక ఈ పేరును కోరి ధరించిన ఒక వ్యక్తిని గురించి చెప్పవలెను. ఆయన జీవితములో పెద్దభాగము రేడియో పనిలోనే గడచినది. ఆయన అసలు పేరు జ్జిస్వాఫ్ యెజొరాన్‌స్కి. 1914లో బెర్లినులో పుట్టెను. యెజొరో అనగా సరస్సు, ఆ మూలమునుండి "స్కి" అంతముతో వచ్చిన పెద్దింటి పేరు అది. రెండవ ప్రపంచ యుద్ధకాలమున పోలెండు జర్మనుల చేతిలో నుండగా, ఆయన రహస్య సైన్యమున చేరి వార్సాకును లండనుకును నడుమ వార్తాహరుడుగా పనిచేసెను. పట్టుపడినచో ప్రాణము దక్కని పని. అందుకు ఆయన తాల్చిన పేరు యాన్ నొవాక్. యాన్ అనునది ఆ దేశమున సామాన్యులలో సామాన్యమైన పేరు, నొవాక్ దానికి తగిన జోడు. లక్షలమంది నొవాక్‌లలో ఒక నొవాక్‌ను ఎవరు వెదకగలరు? ఎవడో ఊరిలోనికి వచ్చినప్పుడు, వీడెవడో తెలియదని ఇతరులు పెట్టిన పేరు, ఎవరికిని తెలియకుండుటకు మరియొకనికి కవచమైనది.

1944లో ఆయన లండనులో చర్చిలును కలిసికొని, వార్సా తిరుగుబాటు ఆగస్టు 1న ప్రారంభమగుటకు కొద్ది దినములు ముందుగా నగరమునకు తిరిగివచ్చెను. ముట్టడిలోనున్న ఆ నగరమునుండి "బ్విస్కవీత్సా" అను రేడియో పలికెను. ఆ మాటకు మెరుపు అని అర్థము. దానిలో ఆంగ్ల ప్రసారములను నడపిన వారిలో ఆయన ముఖ్యుడు. తిరుగుబాటు 63 దినములలో అణగిపోయెను. ఆయన మరల సరిహద్దులు దాటి లండను చేరెను.

యుద్ధానంతరము తన దేశమున ఏర్పడిన కమ్యూనిస్టు ప్రభుత్వము క్రింద నివసింప నిచ్చగింపక ఆయన విదేశములందే నిలిచెను. 1952లో, అమెరికా ధనముతో నడచు స్వేచ్ఛా యూరపు రేడియోలో పోలిష్ విభాగమునకు అధ్యక్షుడై, జర్మనీలోని మ్యూనిక్ నగరమునుండి 1976 వరకు దానిని నడపెను. మొదటి సంవత్సరములలో పోలెండు ప్రభుత్వము ఆ ప్రసారములను అడ్డు తరంగములతో అణచివేయుచుండెను. ఆ రొదలోనే జనులు తలుపులు మూసి, ధ్వని తగ్గించి, పెట్టెకు చెవినానించి వినుచుండెడివారు. వారికి ఆయన యాన్ నొవాక్. దాగుటకు పెట్టుకొన్న పేరు, గోడలు దాటి ఇంటింట తెలిసిన పేరైనది.

యుద్ధకాలపు మారుపేరును అసలు పేరుతో జోడించి వ్రాసికొనుట ఆ తరమువారిలో గలదు. తిరుగుబాటు కాలమున సేనాధిపతియైన కొమొరోవ్‌స్కి, అడవి యని అర్థమిచ్చు తన రహస్యనామమును ముందుంచి బూర్ కొమొరోవ్‌స్కి యనిపించుకొనెను. ఈయనయు అట్లే యాన్ నొవాక్ యెజొరాన్‌స్కి ఆయెను. 2002లో, అనగా విడిచిపోయిన 58 సంవత్సరములకు, వార్సాలో కాపురమునకు మరల వచ్చెను. 2005 జనవరిలో అక్కడనే మరణించెను. నేడు పోలెండులో ఆయనను గురించి వ్రాయువారు ఆ మూడు పేర్లను కలిపియే వ్రాయుదురు. తల్లిదండ్రులు పెట్టిన జ్జిస్వాఫ్ అను పేరు మాత్రము పుస్తకములలో కుండలీకరణములలోనికి జారినది.