పువ్వును బట్టి మీడ్ రుచి

తేనెలో నీళ్లు కలిపి, ఈస్ట్ వేసి పులియబెడితే తయారయ్యే మద్యమే మీడ్. పులిసేటప్పుడు ఈస్ట్ తేనెలోని చక్కెరను తినేస్తుంది. తీపి తగ్గేకొద్దీ దాని చాటున ఉన్న పూల వాసన, పులుపు, వగరు పైకి తేలతాయి. అందుకే ఏ పూల తేనె వాడామన్నది అంత ముఖ్యం.

మీడ్‌కు పేరుపడ్డ పోలండ్‌నే చూడండి. అక్కడి లిండెన్ పూల తేనె లేత రంగులో ఉంటుంది. దాని మీడ్‌లో పుదీనాను తలపించే చల్లని పరిమళం తగులుతుంది. బక్‌వీట్ తేనె తీరే వేరు. ముదురు గోధుమ రంగు, బెల్లప్పాకం లాంటి ఘాటు. కొత్త మీడ్‌లో ఆ ఘాటు కొందరికి పశువుల కొట్టాన్ని గుర్తుచేస్తుంది. ఏళ్లు నిల్వ ఉంటే మెత్తబడి లోతైన రుచి వస్తుంది. నా దృష్టిలో తేనె గొప్పతనం తెలిసేది ఇక్కడే.

పాళ్లూ ముఖ్యమే. ఒక వంతు తేనెకు మూడు వంతుల నీళ్లు పోస్తే తేలికపాటి మీడ్, అర వంతే పోస్తే చిక్కని తియ్యని మీడ్. తేనెనీళ్లను మరిగిస్తే సున్నితమైన పూల వాసనలు ఆవిరితో పోతాయి. కాబట్టి లిండెన్ లాంటి తేనెను మరిగించకుండా పులియబెట్టడమే మేలు.